ఆరో నంబరు బోరు

సుద్దక్క కుడిచేతి బొటనవేలు తెల్లగా లేని రోజును ఆ కాలేజీలో ఎవరూ చూడలేదు. భూగర్భ జలాల విభాగంలో ఆవిడది చెప్పుకోడానికి చిన్న ఉద్యోగం, తిరగడానికి మాత్రం పెద్దది. నెలకోసారి పద్నాలుగు బోర్లు కొలవాలి. ఇవి నీళ్ళు తోడుకునే బోర్లు కావు. అడుగున నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో చూడ్డానికని నేలలోకి దింపిన ఇనుప పైపులు. ఒకటి స్కూలు ఆవరణలో ఉంటుంది, ఒకటి ఆసుపత్రి వెనక, ఒకటి బస్సు డిపోలో. అన్నిటికీ మూతలు, మూతలకు తాళాలు, ఆ తాళంచెవుల గుత్తి సుద్దక్క నడుముకు.

ఆవిడ పని చూడముచ్చటగా ఉంటుంది. ఇనుప టేపు చివర రెండు మీటర్ల మేర సుద్దముక్క రుద్ది పైపులోకి దించుతుంది. టేపు మీది నిండు మీటరు గీత ఒకటి పైపు అంచుకు సరిగ్గా ఆనగానే ఆపి, ఊపిరి బిగబట్టి, పైకి లాగుతుంది. సుద్ద ఎంతవరకు తడిసిందో చూసి ఆ కాస్తా తీసేస్తే, అంచు నుంచి నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో తేలిపోతుంది. దానికి యంత్రాలు కూడా వచ్చాయి. నీళ్ళు తగలగానే కుయ్యిమంటాయి. సుద్దక్కకు వాటి మీద కోపం లేదు, నమ్మకమూ లేదు.

పందొమ్మిదేళ్ళ కిందట ఆవిడ చేరింది లాబులో గాజు సామాను కడగడానికి. ఒకరోజు పాత మాస్టారు, టేపు పట్టుకునే మనిషి రాకపోయేసరికి, అటూ ఇటూ చూసి ఈవిణ్ణి పిలిచారట.

"లెక్కలొచ్చా?"

"తీసివేతలొచ్చు సార్."

"చాలు. మన శాస్త్రంలో సగం తీసివేతే. ఒక్కటి గుర్తుపెట్టుకో. చూసింది రాయి, అనుకున్నది రాయకు."

ఆ మాట పట్టుకుని ఆవిడ పందొమ్మిదేళ్ళు ఎండా వానా చూడకుండా తిరిగింది. ఏటా కొత్త పిల్లలు వచ్చేవారు, పెద్ద పెద్ద పుస్తకాలతో, ఇంకా మడత పడని బూట్లతో. మొదటిరోజే ఎవరో ఒకరు టేపును చేజార్చేవారు. సుద్దక్క దాన్ని కొక్కెంతో బయటికి తీస్తూ, వాళ్ళ అమ్మానాన్నలతో సహా అందరినీ తలుచుకుని, ఆ తర్వాత ఓపిగ్గా పని నేర్పేది. డాక్టరేట్లు తెచ్చుకున్న వాళ్ళలో చాలామంది బొటనవేలికి మొదట సుద్ద అంటించింది ఆవిడే.

ఈ ఏడాది వచ్చిన వాళ్ళలో ఒక పొడుగమ్మాయి ఉంది. ఎంత పొడుగంటే, బోరులోకి తొంగిచూస్తే తలే ముందు నీళ్ళకు తగులుతుందని తోటి పిల్లలు ఏడిపించేవారు. ఆ అమ్మాయికి సుద్దక్క కొలతలు రాసే పుస్తకాలంటే పిచ్చి. పందొమ్మిదేళ్ళ అంకెలన్నీ కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించింది. వాన పడితే ఊరి కింద నీరు ఎన్నాళ్ళకు లేస్తుంది, ఎండకు ఎంత దిగుతుంది, ఏ బోరు ముందు కదులుతుంది, ఇదీ ఆ అమ్మాయి పరిశోధన. దానికి తోడు మూడు నెలలుగా తనే స్వయంగా సుద్దక్క వెంట తిరిగి కొలుస్తోంది.

ఒక శుక్రవారం పొద్దున ఆ అమ్మాయి పద్నాలుగు గీతలున్న పెద్ద కాగితాన్ని బల్ల మీద పరిచింది. పదమూడు గీతలు ఒకదాని వెంట ఒకటి ఒద్దికగా లేస్తూ దిగుతూ పోతున్నాయి. ఆరో నంబరుది మాత్రం పదకొండేళ్ళ కిందట ఒకచోట దబ్బున కిందికి పడి, రెండు నెలలు అక్కడే ఉండి, మళ్ళీ దబ్బున పైకి లేచింది.

కొత్త మాస్టారు కళ్ళజోడు సర్దుకుని దాన్నే చూస్తూ నిలబడ్డాడు. పాత మాస్టారు రిటైరయ్యాక వచ్చినాయన. మంచివాడే, కాకపోతే ముక్కుసూటి మనిషి.

"ఇదేంటమ్మా? ఒక్క నెలలో అరవై నాలుగు సెంటీమీటర్లు దిగిపోయింది. రెండు నెలలయ్యాక ఏమీ ఎరగనట్టు పైకొచ్చేసింది. పక్కనే ఉన్న ఐదో నంబరు మూడు సెంటీమీటర్లకు మించి కదల్లేదు."

సుద్దక్క కాగితం మీదికి వంగింది.

"నేలలో నీళ్ళు ఇలా దూకవు. ఇది బోరు దగ్గర నిలబడి రాసింది కాదు, ఎక్కడో కూర్చుని రాసింది" అన్నాడు మాస్టారు. "ఒకచోట అలా రాశారని తెలిశాక, మిగతావన్నీ నిజమేనని నేనెలా సంతకం పెట్టను? సోమవారం లోపల కారణం దొరికితే సరే. లేదంటే ఈ అమ్మాయి తన మూడు నెలల కొలతలతోనే సరిపెట్టుకోవాలి. పాత పుస్తకాలు పక్కన పెట్టేద్దాం. ఈ నెలనెలా తిరగడం కూడా ఆపేద్దాం."

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే సుద్దక్కకు తిరిగి అరవడానికైనా వీలుండేది. పందొమ్మిదేళ్ళ కష్టాన్ని ఒక్క మాటతో పక్కన పెట్టేస్తున్నాడు. పొడుగమ్మాయి అసలు పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించింది. సుద్దక్క చూడనక్కర్లేదు, అయినా చూసింది. ఏడు అంకెకు నడుం మీద అడ్డగీత. అది తన రాత కాదు. తన మొగుడిది.

పదకొండేళ్ళ కిందట సుద్దక్క లైబ్రరీ మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. నాలుగు నెలలు కట్టు. అప్పటికి ఉద్యోగం ఖాయం కాలేదు. ఒక్క నెల కొలతలు తప్పినా ఇంకొకర్ని పెట్టుకుంటారు. ఆవిడ మంచం మీద పడి ఏడుస్తుంటే మొగుడు సంచి భుజాన తగిలించుకున్నాడు. "ఏడవకు. కొలవడం నా పనేగా" అన్నాడు. ఆయన టైలరు. "సుద్ద మాత్రం నాదే వాడతాను" అని కూడా అన్నాడు.

పనిమంతుడే. ఆయన కుట్టిన చొక్కా భుజం దగ్గర ముడత పడిందన్నవాడు లేడు. కానీ చెప్పిన రోజుకు ఇచ్చాడన్నవాడూ లేడు. ఎవరొచ్చి అడిగినా తలెత్తకుండా ఒకటే మాట, "అయిపోయింది, కాజాలే మిగిలాయి". కాజాలంటే బొత్తాలకు తీసే కన్నాలు, అన్నిటికంటే చివరి పని. నిజానికి ఆ గుడ్డ అప్పటికి కత్తెర మొహమే చూసి ఉండదు. వీధిలో వాళ్ళు ఆయనకు కాజాలాయన అని పేరు పెట్టారు. పిలిస్తే పలుకుతాడు కూడా.

అలాంటి మనిషి నాలుగు నెలలు పద్నాలుగు బోర్లు తిరిగాడంటే నమ్మడమెలా? కట్టు విప్పాక సుద్దక్క పుస్తకం చూసుకుంది. ఆరో నంబరు దగ్గర ఆ రెండు అంకెలూ చూడగానే పుస్తకం మూసేసింది. ఆ బోరున్న బస్సు డిపో చాలా దూరం, ఎండలు మండిపోయే రోజులు, షాపులో కూర్చుని ఏదో ఒకటి గీకేసి ఉంటాడనుకుంది. అడగలేదు. మొదట ఉద్యోగం పోతుందని భయపడి ఊరుకుంది, తర్వాత ఊరుకున్నందుకు సిగ్గుపడి ఊరుకుంది. ఆ తర్వాత పిల్ల పెళ్ళీ, ఇంటి పనులూ, ఏళ్ళు గడిచిపోయాయి. మొగుడంటే ప్రేమే ఆవిడకు. కానీ ఆ ప్రేమలో ఒక ముల్లు విరిగి ఉండిపోయింది.

ఆ సాయంత్రం షాపులో ఇస్త్రీ బల్ల పక్కన కూర్చుని మాట కదిపింది.

"ఏమండీ, అప్పట్లో నా బదులు బోర్లు కొలిచారు కదా. డిపోకి కూడా వెళ్ళేవారా?"

"వెళ్ళానుగా" అన్నాడాయన, మిషను మీంచి తలెత్తకుండా.

కాజాలే మిగిలాయి అనే గొంతూ అదే, ఆ తలెత్తకపోవడమూ అదే. సుద్దక్క రెండోమాట అడక్కుండానే లేచి వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున పొడుగమ్మాయి డిపో గేటు దగ్గరే కాచుకుని ఉంది. యంత్రం, టేపు, గుడ్డపేలికలు, ఒక సీసాలో కిరసనాయిలు, అన్నీ తెచ్చింది. కారణం దొరికేదాకా కదిలేది లేదని మొహంలోనే ఉంది. ఇద్దరూ బస్సులు కడిగే చోటు దాటి గోడవారనున్న ఆరో నంబరు దగ్గరికి వెళ్ళారు. మూత తాళం తీస్తూ తీస్తూ సుద్దక్క ఆగిపోయింది.

"అమ్మాయ్, నీ పరిశోధన నావల్లే పోయేలా ఉంది. ఆ నాలుగు నెలలూ రాసింది నేను కాదు. మా ఆయన. వెళ్ళి రాశాడో, వెళ్ళకుండా రాశాడో నాకు తెలీదు."

పొడుగమ్మాయి చేతిలో టేపు కింద పెట్టింది. "అడగలేదా అక్కా?"

"అడిగాను. వెళ్ళానన్నారు."

"మరింకేం?"

"ఆయన అందరికీ అలాగే చెప్తారమ్మా" అంది సుద్దక్క. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ వయసు పిల్లకు ఓదార్చడం రాదు. పని చెయ్యడం వచ్చు. "ముందు బోరును అడుగుదాం" అని మోకాళ్ళ మీద కూర్చుంది. సుద్ద టేపుతో ఒకసారి, యంత్రంతో ఒకసారి కొలిచింది. రెండూ కలిశాయి. తర్వాత పైపు అంచు చుట్టూ వేలు పెట్టి తడుముతూ పోయింది. రంగు మీద రంగు, దాని మీద దుమ్ము, దాని మీద జిడ్డు. కిరసనాయిలు గుడ్డతో బాగా రుద్దింది.

"అక్కా, ఇలా రండి. దీనికి మరలున్నాయి."

సుద్దక్క వంగి చూసింది. అంచు కింద రెండు వేళ్ళ వెడల్పున సన్నని మరలు పైపు చుట్టూ తిరిగి ఉన్నాయి. తక్కిన పదమూడింటి అంచులూ నున్నగా ఉంటాయి. అది ఆవిడ కళ్ళు మూసుకుని చెప్పగలదు. దీని అంచు మాత్రం ఎప్పుడూ జిడ్డుగానే ఉండేది కాబట్టి ఎన్నడూ పట్టి చూడలేదు.

"పైపుకి మరలెందుకు పెడతారు?" అంది పొడుగమ్మాయి.

"ఇంకో పైపు బిగించడానికి."

అంటూనే సుద్దక్క షెడ్డు వైపు తిరిగింది.

షెడ్డులో ముసలి ఫిట్టరొకాయన టీ తాగుతున్నాడు. అడిగితే తాపీగా గ్లాసు దించి చెప్పాడు. "అక్కడ డ్రెయినేజీ ఉండేది కాదమ్మా. బస్సులు కడిగిన నీళ్ళన్నీ నిలిచి ఆ బోర్లోకి పోయేవి. పోకుండా పైన ఓ ముక్క బిగించాం. డ్రెయినేజీ కట్టాక తీసేశాం."

"ఎప్పుడండీ?" అంది పొడుగమ్మాయి.

"పదేళ్ళయుంటది. పన్నెండేమో."

"ఎంత ముక్క?"

ఫిట్టరు రెండు చేతులూ బారగా చాపి, ఆలోచించి కొంచెం దగ్గరికి తెచ్చి, మళ్ళీ కొంచెం దూరం జరిపాడు. "ఇంత" అన్నాడు.

పైపు పొడుగైతే అంచు పైకి పోతుంది. అంచు పైకి పోతే, నీళ్ళు కదలకపోయినా లోతు ఎక్కువొస్తుంది. పొడుగమ్మాయి అక్కణ్ణుంచే మాస్టారుకు ఫోన్ చేసింది. ఆయన విన్నాడు. "అయుండొచ్చు" అన్నాడు. "కానీ ఎంత, ఎప్పుడు? మన గీత సరిపోవడానికి కావలసినంత ముక్క, కావలసిన నెలలో మనమే తగిలిస్తే, అది కూడా కూర్చుని రాసినట్టే కదా."

ఆ మాటకు ఒళ్ళు మండినా, న్యాయమేనని సుద్దక్కకు తెలుసు. పాత మాస్టారున్నా అదే అనేవాడు. ఇప్పుడావిడకు నిన్నటికంటే భయం ఎక్కువైంది. నిన్న ఆశ లేదు. ఇవాళ గోరంత ఆశ పుట్టింది, అదీ పోతే తట్టుకోవడం కష్టం. బస్సు దిగి షాపుదాకా నడిచేలోపల పొడుగమ్మాయి అంగలకు సరితూగలేక రెండుసార్లు ఆయాసంతో ఆగింది.

కాజాలాయన మిషను తొక్కుతున్నాడు. సుద్దక్క నేరుగా వెళ్ళి చక్రం మీద చెయ్యి వేసి ఆపింది.

"తలెత్తి నన్ను చూసి చెప్పండి. నా కాలు విరిగినప్పుడు డిపోలో బోరు దగ్గరికి నిజంగా వెళ్ళారా?"

ఆయన తలెత్తాడు. "పద్నాలుగింటికీ వెళ్ళాను. నాలుగు నెలలూ వెళ్ళాను. సైకిలు టైరు రెండుసార్లు పేలింది. ఎందుకూ?"

పొడుగమ్మాయి పైపు సంగతి చెప్పబోయింది. సగం వినేసరికే ఆయన చెయ్యి ఊపాడు. "ఆరో వాడా? వాడు ఎదిగాడని అప్పుడే చెప్పానుగా."

"ఎవరికి?" అంది సుద్దక్క.

"ఎవరికేమిటి, నీకే. డిపోలో వాడు ఎదిగిపోయాడే, రెండడుగులు పెరిగాడు అన్నాను. మీ టైలరు వేషాలు బోర్ల దగ్గర వెయ్యకండి, పైపు అంచు నుంచి కొలిచి అంకె రాయండి, ఇంకేం చూడకండి, ఇంకేం రాయకండి అని నామీద విరుచుకుపడ్డావు. సరేనని అంకె మాత్రమే రాశాను."

సుద్దక్కకు ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది. ఎండాకాలం, కట్టు లోపల దురద, ఎదురుగా చెమటకు తడిసిన చొక్కాతో నవ్వుతూ నిలబడ్డ మొగుడు. ఎప్పటి హాస్యమేలే అనుకుని ఆ మాట చెవిన వేసుకోలేదు. చూసింది రాయమని పాత మాస్టారు తనకు చెప్పాడు. తను మాత్రం మొగుడికి చూడొద్దనీ రాయొద్దనీ చెప్పింది.

"అంకె మాత్రమే రాశారా? ఇంకెక్కడా రాయలేదా?" అంది పొడుగమ్మాయి నీరసంగా.

"మీ పుస్తకంలో రాయొద్దంది గానీ, నా పుస్తకంలో రాసుకోవద్దని ఎవరూ అనలేదుగా" అని ఆయన స్టూలెక్కాడు.

అటక మీద ఆర్డరు పుస్తకాలు ఏడాదికొక కట్ట చొప్పున గుడ్డపీలికలతో కట్టి ఉన్నాయి. కిందటిసారి కొలతలే పెట్టమనేవాళ్ళు ఉంటారు కాబట్టి ఏ టైలరూ ఆ పుస్తకాలు పారెయ్యడు. దుమ్ము దులిపి, ఒక కట్ట విప్పి, వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పాడు. ఒక లావాటి పెద్దమనిషి ప్యాంటుకూ ఒక స్కూలు పిల్లాడి నిక్కరుకూ మధ్య పద్నాలుగు వరసలున్నాయి. ఒకటో బోరు, రెండో బోరు. ప్రతిదానికీ నేల నుంచి అంచుదాకా పొడవు, చుట్టుకొలత, అన్నీ అంగుళాల్లో. టేపు మెళ్ళో వేసుకుని వెళ్ళిన మనిషి కొలవకుండా ఊరుకోలేకపోయాడు.

ఆరో నంబరు వరసలో నాలుగు తేదీలున్నాయి. మొదటి నెల పొడవు పన్నెండు. రెండో నెల ముప్ఫై ఆరు, పక్కన "ఎదిగాడు". మూడో నెల ముప్ఫై ఆరు, "అలాగే ఉన్నాడు". నాలుగో నెల పన్నెండు, "మళ్ళీ తగ్గాడు, జబ్బేమో".

పొడుగమ్మాయి కాజాలాయన సుద్దముక్క లాక్కుని బల్ల మీదే లెక్క వేసింది. ఇరవై నాలుగు అంగుళాలంటే అరవై ఒక్క సెంటీమీటర్లు. అరవై నాలుగులోంచి అరవై ఒకటి తీసేస్తే మూడు.

"మూడక్కా! ఐదో నంబరు దిగింది కూడా మూడే."

తీసివేత సుద్దక్కకు వచ్చు. ఆ మూడు అంకెను చూస్తూ అక్కడే గుడ్డల తాను మీద కూలబడింది. ప్రాణం కుదుటపడడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది ఆవిడకు. కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది, మధ్యలో నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. ఏం జరిగిందో అర్థంకాక కాజాలాయన మంచినీళ్ళ చెంబు తెచ్చి చేతిలో పెట్టాడు.

సోమవారం కొత్త మాస్టారు ఆ పేజీని రెండుసార్లు చదివాడు. "జబ్బేమో" దగ్గర ఆయన పెదవులు కదిలాయి. ఆయన నవ్వడం సుద్దక్క చూసింది అదే మొదటిసారి.

"కూర్చుని రాశారన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా."

"నా తప్పు కూడా ఉంది సార్. వేరే మనిషి కొలిచాడని నేను పుస్తకంలో రాయలేదు. ఆయన చెప్పిన మాటా వినలేదు."

"అయితే వచ్చే నెల నుంచి రెండు గళ్ళు ఎక్కువ గీయండి. కొలిచింది ఎవరు, పైపు ఎత్తు ఎంత" అన్నాడు. వచ్చే నెల అన్నాడంటే తిరగడం ఆగదన్నమాట. ఆర్డరు పుస్తకంలోని ఆ పేజీ నకలు పొడుగమ్మాయి పరిశోధన వెనక జతపరచమన్నాడు. లావాటి పెద్దమనిషి నడుం కొలత మీద ఆ అమ్మాయి తెల్లకాగితం అంటించి మరీ నకలు తీయించింది.

సాయంత్రం సుద్దక్క పుస్తకం తిరిగిచ్చేసి, ఇస్త్రీ బల్ల పక్కన కూర్చుంది. ఆయనే అడిగాడు.

"నేను వెళ్ళలేదనుకున్నావు కదూ?"

"అనుకున్నాను."

"ఎన్నాళ్ళు?"

"పదకొండేళ్ళు."

మిషను ఆగింది. "మరి ఇన్నాళ్ళూ నాతో ఎలా ఉన్నావు?"

"ఆ రోజు నేను ఏడుస్తుంటే సంచి తగిలించుకుని బయల్దేరారుగా" అంది సుద్దక్క. "బోరుదాకా వెళ్ళకపోయినా బయల్దేరారు కదా, అది చాల్లే అనుకున్నాను."

ఆయన సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టాడు. రెండుసార్లు తప్పింది.

అంతలో ఎదురింటి గుమాస్తా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నా చొక్కా ఏమైందండీ? రేపు కావాలి."

"అయిపోయింది, కాజాలే మిగిలాయి" అన్నాడు కాజాలాయన, తలెత్తకుండా.

గుమాస్తా ఆ మాట చాలాసార్లు విన్నవాడు. సుద్దక్క వైపు తిరిగాడు. "నిజమేనా అమ్మా?"

ఇన్నేళ్ళలో ఎవరు అలా అడిగినా ఆవిడ మొహం పక్కకు తిప్పుకునేది. ఇవాళ తిప్పుకోలేదు. "ఆయన చెప్పారంటే నిజమే. రేపు ఈ వేళకి రండి" అంది. గుమాస్తా నమ్మి వెళ్ళిపోయాడు.

కాజాలాయన సూది పక్కన పెట్టి ఆవిడ వైపు తిరిగాడు. "అదేంటే? ఆ గుడ్డ ఇంకా మడత కూడా విప్పలేదు."

"అయితే విప్పండి. నేను మాటిచ్చాను."

ఆయన గొణుక్కుంటూ లేచి, గుడ్డ బల్ల మీద పరిచి, సుద్దముక్క కోసం అటూ ఇటూ వెతుక్కున్నాడు. సుద్దక్క సంచిలోంచి తనది తీసి ఇచ్చింది.